అందరివీ 2.4 గిగాహెర్ట్జ్ రేడియో సెట్లే అయినప్పుడు పిన్ బోర్డు ఎందుకు?

పాతరెక్క:
మా రిమోట్ కంట్రోల్ మోడల్ విమానాల క్లబ్బులో పిన్ బోర్డు, అంటే ఎవరు ఏ రేడియో ఛానెల్ వాడుతున్నారో పిన్నులతో చూపే బోర్డు, తీసేయాలని ప్రతిపాదన పెట్టారు. నేను పూర్తిగా వ్యతిరేకం. 72 మెగాహెర్ట్జ్ రోజుల్లో పిన్ చేతికి రాకుండా ట్రాన్స్‌మిటర్ స్విచ్ మీద వేలు పెట్టేవాళ్లం కాదు. అదే ఛానెల్‌లో ఇంకొకరు సెట్ ఆన్ చేశారంటే గాల్లో ఉన్న విమానం ఇద్దరి మాటా వినదు. ఆ క్రమశిక్షణ పోగొట్టుకుంటే మళ్లీ రాదు.

తరంగం:
72, 35 మెగాహెర్ట్జ్ సంగతి వేరు సార్. 2.4 గిగాహెర్ట్జ్‌లో ప్రతి ట్రాన్స్‌మిటర్‌కీ సొంత గుర్తింపు కోడ్ ఉంటుంది. బైండ్ చేసిన, అంటే దానితో జత కలిపిన, విమానంలోని రిసీవర్ ఆ కోడ్ వస్తేనే వింటుంది. చాలా సెట్లు సెకనుకు ఎన్నోసార్లు తమంతట తామే ఛానెల్ మారుతుంటాయి, దాన్నే హాపింగ్ అంటారు. పిన్ మీద ఏ నంబరు రాస్తారు?

పాతరెక్క:
మరి నా స్కేల్ మోడల్ ఎందుకు కూలింది? అది 2.4 సెట్టే. మలుపు తిప్పాను, కంట్రోల్ పోయింది. అప్పుడే పక్కన ఒకాయన సెట్ ఆన్ చేశాడు.

తరంగం:
ఆ సంగతి ఇదివరకే మాట్లాడుకున్నాం. కంట్రోల్ పలకలు కదిపే మోటార్లు, ఆ పెద్ద డిజిటల్ సర్వోలన్నీ ఒకేసారి కరెంటు లాగితే ఓల్టేజ్ పడిపోయి రిసీవర్ రీబూట్ అవుతుంది. బ్యాటరీ, రిసీవర్‌కి కరెంటు ఇచ్చే బీఈసీ సర్క్యూట్ చూశారా? యాంటెన్నాల కొసలు రెండూ ఒకదానికొకటి 90 డిగ్రీల్లో ఉన్నాయా, కార్బన్ ఫైబర్ చాటున ఉన్నాయా?

కొత్తపైలట్:
సిగ్నల్ పోతే థ్రాటిల్ దించేసేలా ఫెయిల్‌సేఫ్ సెట్ చేసుకుంటే చాలు కదా?

పాతరెక్క:
బ్యాటరీ బాగానే ఉంది. నన్ను చేతకానివాణ్ణి చేయకండి.

నాలుగురెక్కలు:
ఫెయిల్‌సేఫ్ కంట్రోల్ లింకు వరకే. మా ఎఫ్‌పీవీ వాళ్లం, అంటే కెమెరా బొమ్మ గాగుల్స్‌లో చూస్తూ ఎగరేసేవాళ్లం, మా వీడియో 5.8 గిగాహెర్ట్జ్‌లో వెళ్తుంది. అనలాగ్ వీడియోకి బైండింగూ లేదు, కోడూ లేదు. ఇద్దరు ఒకే ఛానెల్‌లో ఉంటే ఒకరి గాగుల్స్‌లో చుక్కలు, లేకపోతే అవతలివాడి బొమ్మ. పైగా వీడియో ట్రాన్స్‌మిటర్‌కి చాలావాటిలో విడిగా స్విచ్ ఉండదు, బ్యాటరీ ప్లగ్ పెట్టగానే మొదలు. టేబుల్ మీద ప్రాప్ బిగిస్తూ ప్లగ్ పెట్టినవాడికి, గాల్లో ఉన్నవాణ్ణి గుడ్డివాణ్ణి చేస్తున్నానని తట్టదు. బోర్డు మాకే కావాలి!

పాతరెక్క:
చూశారా! నేను మొదటినుంచీ అదే అంటున్నాను.

తరంగం:
మీరన్నది అది కాదు. ఆయన అడిగేది వీడియో ఛానెళ్ల పట్టిక. మీరు అడిగేది అందరి ట్రాన్స్‌మిటర్లూ మీ టేబుల్ మీద పెట్టి అనుమతి కోసం నిలబడాలని. కొత్తగా చేరిన కుర్రాడు బైండ్ చేసుకుంటుంటే అందరి ముందూ సెట్ లాక్కున్నారు. మళ్లీ మైదానంలో కనపడలేదు.

పాతరెక్క:
అవును, లాక్కున్నాను. జనం నిలబడ్డ వైపు ప్రొపెల్లర్ పెట్టి బైండ్ చేస్తున్నాడు. 72 ఉన్నప్పుడు ఇంజిన్ మోడల్ ఒకటి నా చేతుల్లోంచి పోయి కార్ల మధ్య పడింది. ఆ ఛానెల్‌లో సెట్ ఆన్ చేసిందెవరో ఒక్కడూ నోరు విప్పలేదు. పిన్ ఉంటే దాని మీద పేరు ఉంటుంది. నాక్కావలసింది ఆ పేరు. మీ హాపింగ్ ఎంత గొప్పదైనా ఆ పేరు చెప్పదు.

కొత్తపైలట్:
మరి ఇది ఫ్రీక్వెన్సీ గొడవ కాదుగా?

తరంగం:
కాదు. ఎవరు ఎవర్ని ఆపొచ్చన్న గొడవ. ఆపే మాట ఒక్కరి చేతిలో పెట్టడం నాకు ఇష్టం లేదు. 5.8 పట్టిక పెట్టండి, ఒప్పుకుంటా. ఫ్లైట్‌కి ముందు రేంజ్ చెక్, ప్రొపెల్లర్ తీసో మోడల్‌ని గట్టిగా పట్టించో ట్రాన్స్‌మిటర్ ఆపి థ్రాటిల్ దిగుతుందో లేదో చూడటం, ఇవి అందరికీ వర్తించాలి. మీకూ వర్తించాలి.

పాతరెక్క:
నాకు వర్తిస్తే అభ్యంతరం లేదు. చూడకుండా ఎగరేసినవాణ్ణి దించమని చెప్పేదెవరు? అది తేలేదాకా నా ఓటు బోర్డుకే.