ఫోన్లతో వచ్చే పిల్లలకు అపర్చర్ ఎలా నేర్పాలి?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇక్కడ తొమ్మిదో తరగతి చదివే 20 మంది తెలుగు పిల్లలకు ఆదివారాలు ఫొటోగ్రఫీ నేర్పాలనుకుంటున్నాను, మొత్తం 10 క్లాసులు. ఉన్నది ఒక పాత డీఎస్‌ఎల్‌ఆర్ (లెన్స్ మార్చుకోగల పెద్ద కెమెరా), దాంతో వచ్చిన మామూలు 18-55 ఎంఎం లెన్స్. మిగతావన్నీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లే.

నా చిక్కంతా అపర్చర్ దగ్గరే, అంటే లెన్స్‌లో వెలుగు లోపలికి వచ్చే రంధ్రం. అది పెద్దదైతే వెలుగు ఎక్కువ వస్తుంది, వెనక భాగం మసకబారుతుంది. షట్టర్ వేగం (వెలుగు ఎంతసేపు పడాలో), ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో) అయితే సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్ ఉన్న ఫోన్‌లో మార్చి చూపించొచ్చు. అపర్చర్ మాత్రం చాలా ఫోన్లలో మారదు. పోర్ట్రెయిట్ మోడ్‌లో వెనకంతా మసకబారేది సాఫ్ట్‌వేర్ వల్ల. అదే అపర్చర్ అనుకుంటే తర్వాత సరిదిద్దడం కష్టం.

చెప్పుల డబ్బాతో పిన్‌హోల్ కెమెరా (లెన్స్ లేకుండా చిన్న చిల్లుతో బొమ్మ పడే డబ్బా) చేయించి, చిల్లు పెద్దదయ్యేకొద్దీ వెలుగు పెరగడం ముందు చూపిద్దామనుకున్నాను. కానీ అందులో వెనక భాగం ఒక్కటే కాదు, బొమ్మంతా మసకబారుతుంది. పిల్లలు ఇంకా తికమకపడతారేమోనని టెన్షన్‌గా ఉంది. బడిలో నేర్పినవాళ్లు ఎవరైనా ఉంటే, మీరు దేనితో మొదలుపెట్టారు?

ఇంకొకటి. చివరి క్లాసుల్లో పశువుల కొమ్ములతో బొమ్మలు చేసే మా ఊరి పనివాళ్లను పిల్లలతో ఫొటోలు తీయించాలని చాలా ఆశ. వాళ్లను అనుమతి అడగడం పిల్లలకు ఎలా అలవాటు చేయాలో కూడా చెప్పండి.