గ్రూప్‌తో అండమాన్ వెళ్తే డైవింగ్ సర్టిఫికెట్ లేనివాళ్ళని పగడపు దిబ్బ మీదికి దించాలా, వద్దా?

లోతునీళ్ళు:
జనవరిలో హైదరాబాద్ నుంచి పది మందిమి హేవ్‌లాక్ వెళ్తున్నాం. 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు, కానీ అందరి నోటా ఇంకా పాత పేరే. నలుగురికి ఓపెన్ వాటర్, అంటే డైవింగ్‌లో మొదటి స్థాయి సర్టిఫికెట్ ఉంది. మిగతా ఆరుగురూ ఇంతవరకూ డైవ్ చేయలేదు, వాళ్ళలో ముగ్గురికి ఈత కూడా రాదు. ఆరుగురూ డిస్కవర్ స్కూబా, అంటే కోర్సు లేకుండా ఇన్‌స్ట్రక్టర్ వెంట ఒక్కసారి దిగి చూసే డైవ్ చేస్తామంటున్నారు. వాట్సాప్‌లో దీని మీద వాదన ఎంతకీ తెగడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సర్టిఫికెట్ లేనివాళ్ళు పగడపు దిబ్బ మీదికి దిగకూడదు. కోర్సులో మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా నేర్పేది ముఖ్యంగా ఒకటే: పైకి తేలిపోకుండా, కిందికి జారిపోకుండా నీళ్ళ మధ్యలో నిలకడగా ఉండటం. అది రానివాళ్ళకి కాస్త భయం వేసిందంటే కాళ్ళు కొట్టుకుంటారు, చేతికి ఏది అందితే అది పట్టుకుంటారు. అక్కడ అందేది పగడమే. చూడ్డానికి రాయిలా ఉంటుంది గానీ, దాని మీద ప్రాణమున్న భాగం కొన్ని మిల్లీమీటర్ల పొర. మోకాలు ఆనితే చాలు, ఆ పొర చితికిపోతుంది. కొమ్మల పగడాలు కొన్ని ఏడాదికి 10 సెంటీమీటర్లు పెరుగుతాయి. బండలా గుండ్రంగా ఉండేవి ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే ఎక్కువ. అంటే నడుమెత్తు పగడం మన తాతల కంటే ముందు పుట్టినదన్నమాట. అరగంట ముచ్చట కోసం దాని మీద కాలు పెట్టే హక్కు మనకి ఎక్కడిది?

ఆ ఆరుగురినీ స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీస్తూ నీళ్ళ మీదే తేలుతూ చూడటం) చేయమంటున్నాను. అంత కోరికగా ఉంటే ఇప్పటి నుంచే కోర్సు మొదలుపెట్టమంటున్నాను.

అలల మాస్టారు:
నేను డైవింగ్ నేర్పుతూ బతుకుతున్నాను కాబట్టి నా మాటలో స్వార్థం ఉందని మీరు అనుకోవచ్చు. అయినా చెప్తాను. డిస్కవర్ స్కూబా ఎలా జరుగుతుందో మీరు దగ్గరగా చూసినట్టు లేదు. ముందు నడుము లోతు నీళ్ళలో నిలబెట్టి రెగ్యులేటర్‌తో (సిలిండర్ గాలిని నోటికి అందించేది) ఊపిరి తీయడం, మాస్కులోకి వచ్చిన నీళ్ళు బయటికి ఊదడం, చెవులు సర్దుకోవడం, చేతి సైగలు నేర్పిస్తాం. తర్వాత ఒక్కొక్కరినే, వెనక నుంచి సిలిండర్ పట్టుకుని నేనే తీసుకెళ్తాను. నీళ్ళలో తేలడానికీ మునగడానికీ వేసుకునే జాకెట్‌లో గాలి నింపేదీ తీసేదీ నేనే. గరిష్ఠ లోతు 12 మీటర్లు, చాలామందిని అంత దాకా కూడా దించం. రెండో నంబరు బీచ్ దగ్గర నీమో రీఫ్ అనే దిబ్బకి ఒడ్డు నుంచే నడుచుకుంటూ దిగుతాం. మధ్యమధ్యలో ఇసుక ఉంటుంది, కొత్తవాళ్ళని దాని మీదుగానే తిప్పుతాం.

నా కళ్ళ ముందు పగడాలు ఎక్కువగా విరగ్గొట్టింది ఎవరో తెలుసా? ఎప్పుడో సర్టిఫికెట్ తీసుకుని, ఆ తర్వాత నీళ్ళ మొహం చూడకుండా, చేతిలో కర్రకి తగిలించిన కెమెరాతో వచ్చేవాళ్ళు. వాళ్ళ చూపంతా తెర మీదే ఉంటుంది, వెనక కాళ్ళకి తొడుక్కున్న ఫిన్స్ ఎక్కడ తగులుతున్నాయో పట్టదు. వాళ్ళ సిలిండర్‌ని నేను పట్టుకోను కదా. 2025లో థాయ్‌లాండ్ ఒక నిబంధన పెట్టింది: అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ గానీ 40 డైవ్‌ల అనుభవం గానీ లేనివాళ్ళు నీళ్ళలో కెమెరా వాడకూడదు. మీ నలుగురిలో ఆ లెక్కకి ఎంతమంది నిలుస్తారు?

సాగరతీరం విశాఖ:
పగడాల సంగతి మీ ఇద్దరూ తేల్చుకోండి. నాకు మనుషుల గురించి టెన్షన్. గ్రూప్ ట్రిప్పుల్లో ‘అందరూ దిగుతున్నారు, నువ్వొక్కదానివే ఏంటి’ అనే ఒత్తిడి చాలా బలంగా ఉంటుంది. మా పిన్ని కూతురికి చిన్నప్పటి నుంచి ఆస్తమా. ఆఫీసువాళ్ళతో వెళ్ళినప్పుడు మెడికల్ ఫారంలో అన్నింటికీ ‘లేదు’ అని పెట్టమని పక్కనున్నవాళ్ళే చెప్పారట, ‘ఉంది అంటే డాక్టర్ లెటర్ అడుగుతారు, ట్రిప్ పాడవుతుంది’ అని. ఆ ఫారం తీసుకున్నవాళ్ళు తిరిగి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నీళ్ళలోకి వెళ్ళిన కాసేపటికే ఆయాసం వచ్చి, భయపడి, పైకి తీసుకెళ్ళమని సైగ చేసింది. లోతు తక్కువ కాబట్టి గండం గడిచింది. ఊపిరి బిగబట్టి కంగారుగా పైకి వస్తే కొద్ది మీటర్ల లోతు నుంచైనా ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, అది ప్రాణాల మీదికి వచ్చే విషయం.

లోతునీళ్ళు గారూ, ఆ ఆరుగురినీ విడివిడిగా అడిగారా? గ్రూపులో అడిగితే అందరూ బొటనవేలు గుర్తు పెడతారు. ఫోన్ చేసి ఒక్కొక్కరినీ అడగండి. నిజంగా దిగాలని ఉన్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో తేలతారని నా అనుమానం.

దీవి తెలుగు:
మాది శ్రీకాకుళం నుంచి వచ్చి పోర్ట్‌బ్లెయిర్‌లో స్థిరపడ్డ కుటుంబం. ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయింది. ఇక్కడ మాలాంటి తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. చేపల వేటలో కొందరు, పడవల మీద కొందరు, టూరిస్టుల మీద ఆధారపడి ఇంకొందరు బతుకుతున్నారు.

అన్నా, మా పగడాలు ఏమేం చూశాయో ముందు వినండి. 2004 భూకంపంలో ఉత్తర అండమాన్‌లో కొన్నిచోట్ల నేలే పైకి లేచింది. దిబ్బలు నీళ్ళ బయట పడి ఎండిపోయాయి. 2010 వేసవిలో సముద్రం వేడెక్కి పగడాలు పెద్దఎత్తున తెల్లబడ్డాయి. 2016లో మళ్ళీ అదే. పగడం ఒంట్లో ఉండే సన్నటి నాచే దానికి తిండీ రంగూ ఇస్తుంది. మామూలు వేసవి కంటే ఒక డిగ్రీ ఎక్కువ వేడి కొన్ని వారాలు నిలిస్తే చాలు, పగడం ఆ నాచుని బయటికి వదిలేస్తుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చస్తుంది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచమంతా నాలుగోసారి ఈ తెల్లబారుడు మొదలైందని శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఇంత జరుగుతుంటే మీ ఆరుగురి కాళ్ళు దిబ్బని చంపేస్తాయనడం నాకు సరిగ్గా అనిపించదు.

ఇంకో సంగతి. స్నార్కెలింగ్ చేయమన్నారే, హేవ్‌లాక్‌లోనే ఎలిఫెంట్ బీచ్‌లో ఆటు సమయంలో వచ్చి చూడండి. నీళ్ళు నడుము లోతుకి తగ్గినప్పుడు లైఫ్ జాకెట్ వేసుకున్నవాళ్ళు అలసిపోయి నేరుగా పగడం మీద నిలబడతారు. చేపలు దగ్గరికి రావాలని బిస్కెట్లు చల్లేవాళ్ళనీ చూశాను. ఈత రాని ముగ్గురినీ స్నార్కెలింగ్‌కి పంపితే డైవ్ కంటే ఎక్కువ నష్టం. డైవ్‌లో కనీసం వెనక ఒక మనిషి ఉంటాడు.

తీరంలో పడి ఉన్న తెల్ల ముక్కలు కూడా తీయొద్దని మీవాళ్ళకి చెప్పండి. రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, అంటే చట్టం దృష్టిలో పులికున్నంత రక్షణ. ఎయిర్‌పోర్టులో సంచిలో దొరికితే పెద్ద తలనొప్పి.

లోతునీళ్ళు:
స్నార్కెలింగ్ గురించి దీవి తెలుగు గారు చెప్పింది తీసిపారేసేది కాదు. ఆటు సమయం చూసుకుని, లోతున్న చోటే దిగాలని రాసుకున్నాను.

కానీ వేడి ఎక్కువ నష్టం చేస్తోంది కాబట్టి మన కాళ్ళు లెక్కలోకి రావు అన్న మాట మాత్రం ఒప్పుకోను. నా దృష్టిలో జరగాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. జ్వరం తగ్గి నీరసంగా ఉన్న మనిషితో బరువులు మోయించం కదా. ఫిన్ ఒక్కసారి విసిరితే లేచే ఇసుక వచ్చి పగడం మీద పడుతుంది. దాన్ని దులుపుకోవడానికి పగడం జిగురు స్రవించాలి, దానికి శక్తి ఖర్చవుతుంది. తెల్లబడి కోలుకుంటున్న పగడం దగ్గర ఉన్నదే కొంచెం. సముద్రం వేడిని హేవ్‌లాక్‌లో కూర్చుని మనం తగ్గించలేం. కాళ్ళు అదుపులో పెట్టుకోవడం మన చేతిలో ఉంది. థాయ్‌లాండ్‌లోనే మాయా బే అనే తీరాన్ని 2018లో మూసేసి, 2022 జనవరిలో గానీ మళ్ళీ తెరవలేదు. జనం తాకిడి తగ్గాక అక్కడ పగడాలు కొంత తేరుకున్నాయి.

మాస్టారూ, ఒకరికి ఒకరు చొప్పున అన్నారు. మీరు అలా చేస్తారని నమ్ముతున్నాను. డిసెంబరు, జనవరి రద్దీలో అందరూ అలాగే చేస్తారా? పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా బ్యాచ్ తర్వాత బ్యాచ్ అదే చోట దిగుతుంటే, ఆ ఒక్క దిబ్బ ఎన్ని కాళ్ళని మోయాలి?

అలల మాస్టారు:
అదే చోట దిగడమే మంచిదని నా నమ్మకం. కొత్తవాళ్ళని ఒక్కచోటికి పరిమితం చేస్తే మిగతా దిబ్బలు బాగుంటాయి. ఒక్కచోటయినా ఇష్టం వచ్చినట్టు తొక్కనివ్వం. రద్దీ రోజుల్లో ఒక ఇన్‌స్ట్రక్టర్ ఇద్దరిని తీసుకెళ్ళడం జరుగుతుంది, కాదనను. అందుకే బుక్ చేసే ముందే అడగండి: నీళ్ళలో నాతో ఎంతమంది ఉంటారు, దిగే ముందు ఎంతసేపు ప్రాక్టీసు చేయిస్తారు, భయపడి వెనక్కి వస్తే డబ్బు సంగతేంటి. చివరి ప్రశ్నకి నీళ్ళు నమిలేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి.

కౌలాలంపూర్ నుంచి:
మలేషియాలో సిపదాన్ దీవి మీదున్న రిసార్టులన్నీ 2004 చివరికల్లా ఖాళీ చేయించారు. ఇప్పుడు పక్క దీవుల్లో బస చేసి పర్మిట్ తీసుకుని వెళ్ళాలి, రోజుకి ఇంతమందే అని లెక్క ఉంది. పర్మిట్ కోసం స్నేహితులందరం ఒక్కరోజే వెళ్ళలేకపోయినా ఎవరూ గొడవ పెట్టుకోలేదు. మన దగ్గర కూడా దిబ్బకి రోజువారీ లెక్క ఉండాలి. సర్టిఫికెట్ ఉందా లేదా అన్నది దాని తర్వాత ప్రశ్న.

లోతునీళ్ళు:
సాగరతీరం గారి మాట విని ఆరుగురికీ విడిగా ఫోన్ చేశాను. ఒకరు అసలు ఇష్టం లేదన్నారు. ఈత వచ్చిన ముగ్గురూ కోర్సులో చేరతామన్నారు. అందులో 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, 10 నిమిషాలు తేలాలి, అది వాళ్ళకి కష్టం కాదు. ఈత రాని మిగతా ఇద్దరూ మాత్రం డిస్కవర్ స్కూబాయే చేస్తామని పట్టుబడుతున్నారు. నా మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు. వాళ్ళు వెళ్తే నేను ఆపలేను గానీ, గ్రూప్ డబ్బుల్లోంచి దానికి ఇవ్వనని చెప్పాను.

సాగరతీరం విశాఖ:
ఇష్టం లేదన్నావిడ పేరు గ్రూపులో బయటపెట్టకండి. ఆవిడ ఒడ్డున హాయిగా ఉంటుంది.

అలల మాస్టారు:
డబ్బు ఆపడం నాకు న్యాయంగా అనిపించలేదు. సర్టిఫికెట్ ఉన్న మీ నలుగురి డైవ్‌లకీ గ్రూప్ డబ్బే కదా పెడుతున్నారు? సరే, అది మీలో మీరు చూసుకోవాల్సింది. మీ నలుగురికీ ఒక మాట: పడవ ఎక్కి లోతైన చోట్లకి వెళ్ళే ముందు మొదటి రోజు ఒడ్డు దగ్గర ఇసుక మీద ఒక రిఫ్రెషర్ (నేర్చుకున్నవి మళ్ళీ గుర్తుచేసుకునే డైవ్) చేయండి, ఆ రోజు కెమెరాలు గదిలోనే వదిలేయండి. వరసగా రోజూ డైవ్ చేస్తారు కాబట్టి చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండేలా టికెట్లు చూసుకోండి. ఇప్పటికే బుక్ చేసేసి ఉంటే, ఆఖరి రోజు డైవ్ తీసేయండి.