చర్చ: విదేశీ ఫుట్‌బాల్ ఆటగాడికి వర్క్ పర్మిట్ ఇవ్వడానికి దేశం ర్యాంకు చూడాలా?

పాత గోల్‌కీపర్:
2009లో లండన్ క్లబ్ క్వీన్స్ పార్క్ రేంజర్స్ భారత ఆటగాడు సునీల్ ఛెత్రీతో మూడేళ్ల ఒప్పందానికి సిద్ధపడినా, బ్రిటన్ వర్క్ పర్మిట్ ఇవ్వలేదు. అడ్డొచ్చింది ఆయన ఆట కాదు, ఫిఫా ర్యాంకుల్లో మొదటి 70 జట్లలో భారత్ లేకపోవడం. క్లబ్ తన డబ్బుతో తాను ఎంచుకున్న మనిషిని, అతని పక్కన ఆడే పదిమంది ఓటములను బట్టి తూచడం అన్యాయమని నా అభిప్రాయం.

ఎడమ వింగ్:
గోల్‌కీపర్ గారూ, ఆ నిబంధన చౌకగా దొరికే విదేశీ ఆటగాళ్లతో క్లబ్బులు నిండిపోయి స్థానిక కుర్రాళ్లు బెంచీకే పరిమితం కాకూడదని పెట్టింది. గోల్ ఎవరి మీద కొట్టారన్నది తెలియాలంటే ర్యాంకు కాక మరో కొలత ఏముంది? పైగా తలుపులు పూర్తిగా మూసుకోలేదు. 1999లో మన బైచుంగ్ భూటియా అదే దేశంలో బరీ క్లబ్‌కు ఆడారు. ఛెత్రీకి 2010లో అమెరికా క్లబ్ కాన్సాస్ సిటీలో చోటు దొరికినా లీగ్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు, 2012లో పోర్చుగల్ క్లబ్ స్పోర్టింగ్ లిస్బన్ రెండో జట్టుకు ఆడినవి మూడే.

పాత గోల్‌కీపర్:
పాతికేళ్ల వయసులో బ్రిటన్ ఆపేసిన ఛెత్రీ తర్వాత మరోచోట ఎన్ని మ్యాచ్‌లు ఆడాడన్నది ఆపడానికి సమర్థన ఎలా అవుతుందండీ? భారత్ అత్యుత్తమ ర్యాంకు 94, అదీ 1996లో. అంటే ఆ 70 గీత ప్రకారం మన ఆటగాడెవరూ ఏనాడూ నేరుగా అర్హుడు కాలేడు. గట్టి లీగుల్లో ఆడితేనే జట్టు మెరుగుపడుతుంది, జట్టు మెరుగుపడితేనే ఆ లీగుల్లోకి రానిస్తామంటారు. 1936లో కలకత్తా నుంచి ఓడెక్కి గ్లాస్గో చేరిన మహమ్మద్ సలీం, అక్కడి సెల్టిక్ క్లబ్ రిజర్వ్ జట్టుకు బూట్లు లేకుండా, పాదాలకు కట్లు కట్టించుకుని ఆడాడు. వలస పాలనలో ఉన్నవాడు గనుక అతన్ని పర్మిట్ అడిగినవాళ్లు లేరు. స్వతంత్ర దేశపు ఆటగాడిని మాత్రం అడిగారు!

ఇందూరు అభిమాని:
మా నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాకు, డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులోకి వెళ్లింది. కాబట్టి యూరప్ అంటే ఇంగ్లండ్ ఒక్కటే అన్నట్టు వాదించుకోవడం నాకు కాస్త విడ్డూరంగా ఉంది. ఇక ఇంగ్లండ్‌లోనూ 2021 నుంచి పాయింట్ల పద్ధతి వచ్చింది: 15 పాయింట్లు కావాలి, అందులో దేశం తరఫున ఆడిన మ్యాచ్‌లతో పాటు ఆటగాడు ఏ లీగ్ నుంచి వస్తున్నాడన్నదీ చూస్తారు. లీగులను స్థాయిని బట్టి పేర్చిన ఆ పట్టికలో పై వరుసల్లో మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) లేదు. 2023లో మాత్రం పాయింట్లు సరిపోని కొందరిని తీసుకునే వీలు క్లబ్బులకు కల్పించారు. పై రెండు డివిజన్లలో ఒక్కో క్లబ్‌కు గరిష్ఠంగా నలుగురు.

ఎడమ వింగ్:
సౌమ్య సంగతి నాకు తట్టలేదు, మంచి ఉదాహరణ. నలుగురే అని హద్దు పెట్టారంటే స్థానికుల ఊసు ఇంకా మరవలేదన్నమాట, నేను మొదటినుంచీ అంటున్నదీ అదే. ఇక ఆ నాలుగు చోట్లలో ఒకటి మనవాళ్లకు ఇవ్వాలో వద్దో తేల్చేది ర్యాంకుల పట్టిక కాదు, క్లబ్ కోచే కదా, గోల్‌కీపర్ గారూ.