బ్రిటిష్ గూడ్స్ మోడల్‌కి అమెరికన్ కబూస్ తగిలించొచ్చా?

ప్రశ్న:
ఓఓ గేజ్‌లో (బ్రిటిష్ మోడల్ రైళ్ల సైజు) 1950ల నాటి బ్రిటిష్ బొగ్గు గూడ్స్ కడుతున్నాను, 16 టన్నుల మినరల్ వ్యాగన్లు తీసుకున్నాను. యూట్యూబ్‌లో ఎక్కువగా అమెరికా వాళ్ల వీడియోలే కనిపిస్తున్నాయి, వాళ్లేమో వ్యాగన్‌ని కార్ అంటారు, బోగీని (పెట్టె కింద ఉండే చక్రాల చట్రాన్ని) ట్రక్ అంటారు, మనం పాయింట్స్ (పట్టాలు విడిపోయే చోటు) అనేదాన్ని స్విచ్ అంటారు. ఇంతకీ నా అనుమానం, ఫ్రెండ్ దగ్గర హెచ్‌ఓ సైజు (అమెరికన్ మోడళ్లది) కబూస్, అంటే అమెరికన్ గూడ్స్ చివరి పెట్టె ఒకటి ఉంది, బ్రేక్ వ్యాన్ (బ్రిటిష్ గూడ్స్ చివర గార్డు ఉండే పెట్టె) బదులు అది పెట్టేయొచ్చా? రెండూ చివరి పెట్టెలే కదా.

జవాబు 1:
పట్టాల మీద నడుస్తుంది, రెండింటికీ ట్రాక్ 16.5 మి.మీ.యే. కానీ ఓఓ స్కేలు 1:76, హెచ్‌ఓ 1:87, అంటే హెచ్‌ఓ పెట్టె కాస్త చిన్నది. అది సర్దుకున్నా, దయచేసి పెట్టకండి, ఎందుకంటే ఆ రెండు పెట్టెల పనే వేరు. మీలాంటి వ్యాగన్లలో చాలావాటికి ఇంజన్ నుంచి బ్రేకు అందేది కాదు. మూడు లింకుల గొలుసులతో వదులుగా తగిలించి నడిపేవాళ్లు, బండి నడుస్తుండగా బ్రేకు వేయగలిగింది ముందు ఇంజను, వెనక గార్డు, అంతే. పల్లంలో గార్డు చక్రం తిప్పి బ్రేకు బిగించి గొలుసులు సాగి ఉండేలా చూడాలి, లేకపోతే వ్యాగన్లన్నీ ముందుకొచ్చి గుద్దుకుంటాయి, ఇంజన్ మళ్లీ లాగగానే ఆ కుదుపుకి గొలుసు తెగే ప్రమాదం. ఇంగ్లండ్‌లో బ్రామ్స్‌గ్రోవ్ దగ్గర లికీ వాలు 1:37.7 (37.7 అడుగులకు ఒక అడుగు దిగుడు), అలాంటి చోట దిగేముందు బండి ఆపి, వ్యాగన్ల పక్కన ఉండే బ్రేకు లివర్లను కర్రతో కిందికి నొక్కి పిన్ను పెట్టేవాళ్లు. అమెరికాలో బండి పొడవునా ఇంజన్ నుంచి పనిచేసే ఎయిర్ బ్రేకు ఉంటుంది కాబట్టి కబూస్ ప్రధానంగా సిబ్బంది గది, ఆఫీసు, పైనున్న కిటికీల గూట్లోంచి బండిని గమనించే చోటుగా ఉండేది.

జవాబు 2:
పైన చెప్పింది కరెక్ట్. మీ వ్యాగన్ల రంగు కూడా చూసుకోండి. బ్రిటిష్ రైల్వేస్ పద్ధతిలో బూడిద రంగైతే బ్రేకు పైపు లేని వ్యాగన్, ఎర్ర మట్టి లాంటి బాక్సైట్ రంగైతే వ్యాక్యూమ్ బ్రేకు (పైపు ద్వారా ఇంజన్ నుంచి పనిచేసేది) ఉన్నది. పక్కన ఏటవాలుగా తెల్ల గీత ఉంటుంది చూడండి, పైకి లేచిన వైపు చివర తలుపు ఉందని గుర్తు, బొగ్గు ఆ వైపు నుంచి కుమ్మరిస్తారు. అన్నీ ఒకే వైపు తిప్పి పెట్టాల్సిన పనిలేదు.

ప్రశ్నించినవారు:
అన్నీ బూడిద రంగే. అయితే 20 టన్నుల బ్రేక్ వ్యాన్ తీసుకుంటాను. దీపాలు ఎన్ని?

జవాబు 1:
మూడు. వెనక మధ్యలో ఎర్ర టెయిల్ ల్యాంప్, అటూ ఇటూ సైడ్ ల్యాంపులు. సైడ్ ల్యాంపులు వెనక్కి ఎరుపు, ముందుకి తెలుపు చూపించాలి, ఆ తెలుపు కనిపిస్తేనే బండి మధ్యలో తెగలేదని ఇంజన్ మీద వాళ్లకి తెలుస్తుంది.