పెద్దల మాటతో తీరని తగవులకు దంపతుల కౌన్సెలింగ్ ఉపయోగపడుతుందా?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

మామగారు కాలం చేశాక అత్తగారు గుంటూరు నుంచి వచ్చి మాతోనే ఉంటున్నారు. ఆవిడ రావడానికి నేను మనస్ఫూర్తిగానే ఒప్పుకున్నాను. ఇప్పటికీ ఆవిడను పంపించేయాలన్న ఉద్దేశం నాకు లేదు. అయితే వంట దగ్గరో, పాప చదువు దగ్గరో మొదలయ్యే మాట ప్రతిసారీ మా ఇద్దరి మధ్య తగవుగా మారుతోంది. నేను గట్టిగా అడిగేకొద్దీ మా వారు మాట్లాడటం మానేసి బాల్కనీలోకి వెళ్లిపోతారు. ఇరువైపుల పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడించాం. మా పిన్ని నన్ను సర్దుకుపొమ్మన్నారు, వాళ్ల బాబాయి ఆయనను మందలించారు, ఆ తర్వాత ఇంట్లో మౌనం ఇంకా పెరిగింది. ఫ్యామిలీ థెరపీకి వెళ్లమని ఆఫీసులో ఒకరు సలహా ఇచ్చారు. పెద్దలు చేయలేనిది ముక్కూమొహం తెలియని మనిషి ఏం చేయగలరు? అత్తగారిని కూడా తీసుకువెళ్లాలా? మా వారు రానంటే ఏం చేయాలి?

జవాబు 1 (క్లినికల్ సైకాలజిస్టు, విశాఖపట్నం)

అమ్మా, పెద్దలు ప్రేమతోనే కూర్చుంటారు గానీ, తప్పెవరిదో తేల్చి ఎవరు తగ్గాలో చెప్పడం తమ బాధ్యత అనుకుంటారు. అక్కడ మాట పడ్డవారు ఇంటికి వచ్చాక మరింత ముడుచుకుపోవడం సహజం. థెరపిస్టు తీర్పు చెప్పరు. మీ ఇద్దరి మధ్య పదే పదే జరుగుతున్న తంతు ఏమిటో మీ ఎదుటే గమనించి, అది మీకు కూడా కనబడేలా చేస్తారు. మీరు గట్టిగా అడిగేకొద్దీ ఆయన దూరం జరుగుతారు, ఆయన దూరం జరిగేకొద్దీ మీరు మరింత గట్టిగా అడుగుతారు. కెనడాలో స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ 1980లలో రూపొందించిన భావోద్వేగ కేంద్రిత చికిత్స సరిగ్గా ఈ చక్రం మీదే పనిచేస్తుంది. మీ కోపం వెనక ‘నేను ఈయనకు అక్కర్లేదేమో’ అన్న భయం, ఆయన మౌనం వెనక ‘నేనేం చేసినా తప్పే’ అన్న నిస్సహాయత ఉండవచ్చు. అవి ఒకరి నోట ఒకరు వినగలిగిన రోజున తగవు స్వరూపమే మారుతుంది.

దంపతులను దశాబ్దాలపాటు పరిశీలించిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్, వారి మధ్య వచ్చే తగవుల్లో దాదాపు 69 శాతం ఎప్పటికీ పూర్తిగా తీరవని, అవి స్వభావాల్లోని తేడాల నుంచి పుట్టేవని చెప్పారు. కాబట్టి తగవే లేకుండా చేయడం చికిత్స లక్ష్యం కాదు. ఈసడింపు లేకుండా, తలుపులు మూసుకోకుండా దాని గురించి మాట్లాడుకోగలగడం లక్ష్యం. ఆయన బాల్కనీలోకి వెళ్లడాన్ని నిర్లక్ష్యమని వెంటనే అనుకోకండి. గుండె వేగం బాగా పెరిగినప్పుడు ఎదుటివారి మాట చెవికెక్కదు. మాట పెరిగితే కనీసం 20 నిమిషాలు ఆగుదామని, ఆ తర్వాత తప్పక తిరిగి వచ్చి మాట్లాడుకుందామని ముందే ఒప్పుకోవడం మేం మొదట్లోనే నేర్పించే విషయం. తిరిగి వచ్చే సమయం చెప్పడం ఇందులో కీలకం; అది లేకపోతే విరామం కూడా మౌనంగానే మిగిలిపోతుంది.

వెళ్లేముందు థెరపిస్టు అర్హత, క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే చట్టబద్ధ సంస్థ అయిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు అడగండి. విడివిడిగా మాట్లాడినప్పుడు చెప్పిన విషయాలను రెండోవారికి చెబుతారా, దాస్తారా అన్నదీ మొదటి రోజే తేల్చుకోండి. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

జవాబు 2 (కరీంనగర్ నుంచి)

మీ భర్త స్థానంలో ఉండి వచ్చినవాడిగా రాస్తున్నాను. భార్య, థెరపిస్టు ఒక్కటై నన్ను నిలదీస్తారన్న భయంతో నేను చాలాకాలం వెళ్లలేదు. ‘నువ్వు మారాలి, రా’ అన్నంతకాలం కదలలేదు. ‘మనం ఇలా ఉండటం నాకు కష్టంగా ఉంది, నాతో కలిసి వస్తావా’ అని మా ఆవిడ అడిగాక వెళ్లాను. ఇంకొక మాట. మామగారు పోయారన్న విషయం మీ ప్రశ్నలో ఒక్క ముక్కలో దాటిపోయింది. ఆయనకు అది తండ్రి మరణం. మా నాన్న పోయాక నేను అమ్మ పక్షాన ఏదో ఒకటి మాట్లాడకపోతే ద్రోహం చేసినట్టు అనుకునేవాడిని; ఆ సంగతి మొదటిసారి పైకి చెప్పింది ఆ గదిలోనే.

ఇంకొకరి ప్రశ్న

మా చెల్లెలి భర్త తాగి వచ్చి చేయి చేసుకుంటాడు. వాళ్లిద్దరినీ కూడా ఇలాగే పంపవచ్చా?

జవాబు 3 (న్యాయవాది, విజయవాడ)

వద్దండి. దెబ్బల భయం ఉన్నచోట ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెడితే ఆమె నిజం చెప్పలేదు, చెబితే దానికి ఇంట్లో మూల్యం చెల్లించాల్సి వస్తుంది. ముందు ఆమెకు రక్షణ కావాలి. మహిళా సహాయవాణి 181కు ఫోన్ చేయండి, లేదా హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికి వెళ్లండి. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వులు కోరవచ్చు. అతని తాగుడుకు వైద్యం విడిగా జరగాలి.

మొదట ప్రశ్న అడిగినవారికి కూడా ఒక మాట. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం 9వ సెక్షన్ ప్రకారం, రాజీకి వీలున్నచోట కోర్టు ముందుగా ఆ ప్రయత్నమే చేయాలి. అయితే అక్కడికి వచ్చేసరికి బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి, ఎవరు ఎంత ఇవ్వాలి అన్న లెక్కలే మిగిలి ఉంటాయి. కాబట్టి కలిసి ఉండాలన్న కోరిక ఇద్దరిలోనూ ఉన్నప్పుడే కౌన్సెలింగ్‌కు వెళ్లండి.

జవాబు 4 (మళ్లీ విశాఖపట్నం నుంచి)

జవాబు 3తో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఇక మిగిలిన రెండు సందేహాలు. ఇద్దరి మధ్య ఒత్తిడి భరించలేనంతగా పెరిగినప్పుడు మూడో మనిషిని అందులోకి లాగడం కుటుంబాల్లో సాధారణంగా జరిగేదేనని అమెరికా మనోవైద్యుడు మర్రే బోవెన్ వివరించారు. మీ ఇంట్లో అత్తగారు ఆ స్థానంలో ఉన్నారనిపిస్తోంది. అందుకే మొదట మీరిద్దరే వెళ్లండి. పాప చదువు వంటి విషయాల్లో నిర్ణయం మీ ఇద్దరిదని మీ మధ్య కుదిరాక ఆవిడను పిలిస్తే, తన మీద ఫిర్యాదు వినడానికి కాక, ఆ ఇంట్లో తన చోటేమిటో మాట్లాడుకోవడానికి వచ్చినట్టు ఉంటుంది. భర్తను కోల్పోయి, ఊరు వదిలి వచ్చిన మనిషికి ఆ మాట ఎంతో అవసరం. మీ వారు ఇప్పుడే రానంటే మీరొక్కరే మొదలుపెట్టండి. మీ వైపు నుంచి అడిగే తీరు మారినా ఆ చక్రం కొంత నెమ్మదిస్తుంది. ఒకవేళ ఆయన కొన్నాళ్ల తర్వాత వస్తే, అప్పటికే మీతో ఎక్కువకాలం మాట్లాడిన థెరపిస్టు దగ్గరికి కాకుండా ఇద్దరికీ కొత్తవారి దగ్గరికి వెళ్లడం ఆయనకు న్యాయంగా ఉంటుంది.