సంతకం పెట్టిన ఇంజనీరుకు సైటు తెలియకపోతే ఎట్ల? కమర్షియల్ బిల్డింగులకు కూడా రిజిస్టర్డ్ మనుషులే ఉండాలంటే మనకేమైతది?

పాలమూరు_సైటోడు:

అన్నలకు నమస్తే. నాది మహబూబ్‌నగర్. డిప్లొమా సివిల్ చేసి 19 ఏండ్ల నుంచి చిన్న కాంట్రాక్టులు చేస్తున్న. ఇండ్లు ఎక్కువ, మడిగెలు కొన్ని.

మా బామ్మర్ది సిడ్నీల ఒక బిల్డర్ దగ్గర పని చేస్తడు. సంక్రాంతికి వస్తే జడ్చర్ల రోడ్డు మీది నా సైటుకు తీస్కపోయిన. జీ ప్లస్ త్రీ. కింద ఆరు మడిగెలు, పైన కోచింగ్ సెంటర్లకు ఇచ్చే హాళ్లు. ఆయన రెండో స్లాబు కింద నిలబడి ఒక్కటే అడిగిండు: "బావా, ఈ డ్రాయింగ్ మీద సంతకం పెట్టినాయన ఎన్నిసార్లొచ్చిండు?" నాకు నవ్వొచ్చింది. ఆయన ముఖం నేనే చూడలే. ప్లాన్ గీసినోళ్లు సంతకం తెచ్చిండ్రు, పైసలు ఫోన్‌పేల పోయినయి.

అక్కడ 2018 క్రిస్మస్ ముందు రోజు ఓపల్ టవర్ అనే పెద్ద అపార్ట్‌మెంటు పగుళ్లిచ్చిందట. 2019 జూన్‌ల మాస్కాట్ టవర్స్ అనే ఇంకో అపార్ట్‌మెంటు ఖాళీ చేయించిండ్రట. దాంతోని 2020ల చట్టం తెచ్చి, డిజైన్ చేసినోడు, కట్టినోడు ఇద్దరూ రిజిస్టర్ అయి, "రూల్ ప్రకారమే ఉన్నది" అని రాసిస్తేనే ముందుకు పోవాలన్నరు. మొదట అపార్ట్‌మెంట్లకే పెట్టి, ఇప్పుడు మెల్లగ వేరే బిల్డింగుల మీదికి తెస్తున్నరంట.

మన దగ్గర బిల్డింగు అనుమతులు ఆన్‌లైన్‌ల ఇచ్చే టీఎస్ బీపాస్ 2020ల వచ్చింది. చిన్న ఇల్లయితే ఓనరు సొంతంగ రాసిచ్చుకుంటే చాలు, వెంటనే అనుమతి. మడిగెలకైతే సింగిల్ విండో, 21 రోజులు. కాయితాలు చూస్తరు, మంచిదే. గని పిల్లరు పోసే రోజు ఎవరొస్తున్నరు? గసొంటి చట్టం ఇక్కడ కూడా వస్తే నాలాంటి డిప్లొమా వాళ్లను రిజిస్టర్ చేసుకుంటరా, లేకపోతే పక్కకు తోస్తరా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

---

నీలగిరి_డిజైన్:

తమ్మీ, ఆ ముఖం లేని మనిషి నేనే అనుకో. నల్గొండల స్ట్రక్చరల్ డిజైన్లు చేస్త. దాచేదేముంది, నేనూ అట్ల సంతకాలు పెట్టినోన్నే. ఒక సంతకానికి నాకొచ్చేది సెంట్రింగ్ మేస్త్రికి రెండు రోజుల కూలి కంటే ఎక్కువ ఉండది. ఆ పైసలకు మూడుసార్లు సైటుకు పోతే డీజిలు ఖర్చు నా జేబుల నుంచే.

ఆర్కిటెక్టులకు 1972 నుంచే ఒక చట్టం, ఒక కౌన్సిల్ ఉన్నయి. తప్పు చేస్తే పేరు తీసేస్తరు. ఇంజనీర్లకు దేశం మొత్తం మీద అసొంటిది లేదు, మున్సిపాలిటీ ఇచ్చే లైసెన్సే. రెరా, అంటే కొనేటోళ్ల కోసం తెచ్చిన చట్టం, అది కూడా అమ్ముకునే ప్రాజెక్టులకే. 500 చదరపు మీటర్లు గాని ఎనిమిది యూనిట్లు గాని దాటితే రిజిస్టర్ చెయ్యాలె, కట్టడంల లోపం బయటపడితే ఐదేండ్ల దాకా బిల్డరే బాగు చెయ్యాలె. నీ మడిగెలు ఓనరు కిరాయికి ఇచ్చుకునేటియి, వాటికి రెరా లేదు. ఫైర్ పర్మిషన్ వట్టి కమర్షియల్‌కు 15 మీటర్ల నుంచి. జీ ప్లస్ త్రీ దాని కిందనే ఆగుతది. పైన కోచింగ్ హాళ్లకు వేరే లెక్క ఉంటదేమో అడుగు. చూసినవా, ఎక్కువ రూళ్ల కిందికెల్లి దూరిపోయే సైజు బిల్డింగే మన రెండు జిల్లాలల్ల ఎక్కువ కడ్తున్నరు.

ఒక ముచ్చట చెప్త. దేవరకొండ రోడ్డు మీద జీ ప్లస్ టూకు డిజైన్ ఇచ్చిన. రెండేండ్లకు అటు పోతుంటే నాలుగో స్లాబు లేస్తున్నది. పునాది ఫుటింగులు నా లెక్కవే, పైన బరువు ఓనరు లెక్క. ఫోన్ చేస్తే "సార్, మీ సంతకం బలమైనది" అని నవ్విండు. ఆ రాత్రి నిద్ర పట్టలే.

---

మడిగెల_మల్లన్న:

ఇంకో సంతకం, ఇంకో ఫీజు, ఇంకో ఆరు నెలలు. సిమెంటు ఫ్యాక్టరీలు మన మట్టపల్లి దిక్కే ఉన్నా బస్తా మనకు చవక అయితలేదు, స్టీలు సంగతి సరే సరి. మిర్యాలగూడల నా నాలుగు మడిగెల కిరాయి బ్యాంకు కిస్తీకే సరిపోతున్నది. ఇంజనీరు వచ్చి పిల్లరు కంబీకి చుట్టే రింగులు లెక్కపెట్టాలంటే లెక్కపెట్టుండ్రి, కాదన. కాకుంటే వచ్చినందుకు ఇంత అని ముందే చెప్పాలె. సంతకానికి ఇంత అంటే ఎవడు బేరమాడడు?

---

సిడ్నీ_బామ్మర్ది:

బావా, నేను చెప్పింది నువ్వు కొంచెం కలిపి రాసినవ్. సరి చేస్త.

ఆ రిజిస్ట్రేషన్ సిడ్నీ ఉన్న రాష్ట్రం, న్యూ సౌత్ వేల్స్‌ల 2021 జూలై నుంచి అపార్ట్‌మెంట్లకు. 2023 జూలైల హాస్టళ్ల లాంటి వాటికి, ముసలోళ్లను చూసుకునే కేర్ హోంలకు పెట్టిండ్రు. వట్టి ఆఫీసులు, షాపుల బిల్డింగు ఆ లిస్టుల లేదు. కింద షాపులుండి పైన ఫ్లాట్లున్నయా, అప్పుడు వస్తది.

అసలు ముచ్చట వేరే. ఆ చట్టంలనే జాగ్రత్తగ కట్టే బాధ్యత గురించి ఒక భాగం ఉన్నది, అది ఏ బిల్డింగుకైనా వర్తిస్తదని 2023ల అక్కడి అప్పీల్ కోర్టు చెప్పింది. కేసు యూనివర్సిటీ పిల్లలుండే బోర్డింగ్ హౌస్‌ది. కంపెనీ ఒక్కటే కాదు, దగ్గరుండి పని చూసిన మనిషి కూడా సొంతంగ బాధ్యుడయిండు. పదేండ్ల దాకా అడగొచ్చు. అంటే, నువ్వు ఆ సంతకమాయన గురించి బాధపడుతున్నవ్. అక్కడైతే ముందు నిన్ను పట్టుకుంటరు.

---

పాలమూరు_సైటోడు:

రాత్రి ఇది చదివి మళ్ల సైటుకు పోయిన. టార్చి పెట్టి చూస్తే మూడో అంతస్తు మూల పిల్లరుకు, బీము కలిసే చోట రింగులే లేవు. డ్రాయింగుల ఆరు ఇంచులకొకటి ఉన్నది. కంబీ మేస్త్రిని అడిగితే "అక్కడ చెయ్యి పట్టదు సార్, అందరం అట్లనే వదిలేస్తం" అన్నడు. నిజమే, వాడు నా దగ్గర తొమ్మిదేండ్లు చేసిండు, నేనెప్పుడూ వంగి చూడలే. ఇప్పుడు ఆ మూలకు పలకలు ఇప్పిస్తున్న.

నీలగిరి అన్నా, సోమవారం స్లాబు పెట్టుకున్న. ఆదివారం ఒక్కపూట రా. దేవరకొండ, కల్వకుర్తి మీదికెల్లి కారు పంపిస్త. సంతకం వద్దు, వచ్చి చూసినందుకు ఎంతో నువ్వే చెప్పు.