జంపఖానా నూలు ముక్కలు చెక్క జిగురులో కలపొచ్చా?

టేకు_పని, హనుమకొండ: వరంగల్ కొత్తవాడల జంపఖానా మగ్గాల కాడ తెగిన నూలు ముక్కలు సంచులకొద్దీ దొరుకుతున్నయి. పాత టేకు తలుపుల జాయింట్లల్ల 1–2 మిల్లీమీటర్ల సందు ఉంటున్నది. ఒట్టి తెల్ల జిగురు (ఫెవికాల్ లాంటిది) నింపితే ఆరినంక గుంజుకుపోయి పగులుతున్నది. ఈ నూలు కలిపితే ఆగుతదా? ఎంత వెయ్యాలె? సిరిసిల్ల పాలిస్టర్ ముక్కలు పనికొస్తయా?

జిగురు_లెక్క: సందు ఉన్నకాడ ఆగుతది అన్నా. తెల్ల జిగురుల సగం దాకా నీళ్లే. అవి పోయినంక మందపు పొర కుంచించుకుంటది, నూలు పోగులు అడ్డం పడి పగులును సాగనియ్యవు. బిగుతుగ కూసున్న జాయింటుకు మాత్రం వెయ్యొద్దు. పోగులు చెక్కలను దగ్గరికి రానియ్యవు, ఉన్న బలం పోతది.

కిలో జిగురుకు 20 గ్రాములతో మొదలుపెట్టు, 30 దాటనియ్యకు. నూలును కత్తెరతో 1–2 మిల్లీమీటర్లకు కత్తిరించాలె. పొడుగు పోగులను మిక్సీల వేస్తే బ్లేడుకు చుట్టుకుంటయి, జిగురుల ఉండలు కడతయి. 20 గ్రాముల నూలును 40 మిల్లీలీటర్ల నీళ్లల్ల తడిపి, కొంచెం కొంచెంగ కలుపుతూ పోవాలె. పొడి నూలు నేరుగ వేస్తే జిగురుల నీళ్లు తాగి గడ్డ కడతది. అరగంట ఆగినంక ఇడ్లీ పిండి తీరు ఉండాలె. ప్లాస్టిక్ డబ్బల్నే కలుపు. ఇనుము తగిలితే టేకు నల్లబడతది.

పడుగు_పేక: పడుగు నూలుకు (మగ్గం మీద నిలువుగ కట్టే పోగులకు) గంజి ఉంటది, అది ఉన్న పోగు జిగురును సరిగ పీల్చదు. వేడి నీళ్లల్ల అరగంట మరగబెట్టి, రెండు మూడు సార్లు జాడించి, ఎండకు ఆరబెట్టాలె. రంగు నూలు వద్దు, తెల్లదే ఏరుకో. రంగు దిగితే జాయింటు గీత ఎర్రగనో నీలంగనో కనబడతది. కత్తిరించేటప్పుడు మాస్క్ తప్పదు.

జిగురు_లెక్క: పాలిస్టర్ నీళ్లు పీల్చదు, తెల్ల జిగురు దాన్ని గట్టిగ పట్టదు. అగ్గిపుల్లతో కాల్చి చూడు: నూలు కాగితం తీరు మండి బూడిదైతది, పాలిస్టర్ కరిగి నల్ల గోళీ అయితది. రెండూ కలిసిన బట్టను పక్కన పెట్టు.

టేకు_పని: బాత్రూం తలుపుకు?

జిగురు_లెక్క: వద్దే వద్దు. తడి తగిలితే నూలు నీళ్లను లోపలికి గుంజుతది, తెల్ల జిగురు మెత్తబడతది. అక్కడ ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) వాడు, ఎండిన నూలు పొట్టు దాంట్ల కలపొచ్చు. తలుపుకు పెట్టే ముందు టేకు ముక్కలు ఐదు నూలుతో, ఐదు నూలు లేకుండ అదే సందుతో అతికించి, 24 గంటలు క్లాంపుల ఉంచి విరువు. విరిగినకాడ చెక్క పీచు లేచి వస్తే జిగురు పట్టినట్టు. తెల్ల నూలు పొడిగ నూగు తీరు నిలబడితే అది జిగురుల తడవలేదు, నూలు పాళ్లు తగ్గించు.